మర్రినీడల రహదారి

హైదరాబాదు పోలీసు అకాడమీ కూడలి వద్ద బయలుదేరి, మొయినాబాదు, చేవెళ్లల మీదుగా మన్నెగూడ వరకు వచ్చు రహదారి పొడవు సుమారు 46 కిలోమీటర్లు. మన్నెగూడ దగ్గర అది రెండు పాయలగును. ఒకటి పరిగి, కొడంగల్ మీదుగా కన్నడ దేశము వైపు పోవును. రెండవది వికారాబాదు చేరి, అనంతగిరి గుట్టలు దాటి, తాండూరునకు వచ్చును. ప్రభుత్వ దస్త్రములలో ఇది 163వ నంబరు జాతీయ రహదారి. పెద్దలకు ఇది బీజాపూర్ సడక్. మా ప్రాంతపు పల్లెజనులకు మాత్రము ఉత్త ‘పట్నం తోవ’. ఒక్క బాటకు మూడు పేర్లుండుట మా జిల్లాలో వింత కాదు. ఇక్కడ మనుషులకే ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు.

తాండూరునకు రైలు 1874లోనే వచ్చినది. సికింద్రాబాదు నుండి వాడి వరకు నిజాము వేయించిన ఆ ఇనుపదారి వలననే తాండూరు బండలు దేశమంతట గచ్చులకెక్కినవి. అయినను రైలుకు దాని వేళలు దానికున్నవి. మనిషి అక్కరలకు వేళలు లేవు. అర్ధరాత్రి నొప్పులు పడు ఆడమనిషిని పట్నము ఆసుపత్రికి చేర్చవలెనన్నను, సోమవారము ఉదయము తొమ్మిది గంటలకు హైదరాబాదు కళాశాలలో కూర్చుండవలెనన్నను ఈ సడక్కే దిక్కు. మల్కాపురము, ఓగీపురము గనుల నాపరాయి, కరన్‌కోట వైపు నుండి సిమెంటు, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందులు, ఇవన్నియు లారీలలో ఈ దారినే పోవును. ఎదురుగా ఇసుక, కంకర, ఇనుము వచ్చును. వాటి నడుమ మా బస్సు. రెండు బండ్లు ఎదురెదురైనపుడు రెండింటికిని సరిగా చాలు వెడల్పు. మూడవదానికి చోటు లేదు.

ఇక ఆ మర్రిచెట్లను గురించి చెప్పవలెను. మొయినాబాదు దాటినది మొదలు మన్నెగూడ వరకు సడక్కుకు ఇరువైపుల తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లున్నవి. నిజాముల కాలములో నాటించినవని అందరును చెప్పుకొందురు. కొన్ని చోట్ల ఈ దరి కొమ్మలు ఆ దరి కొమ్మలను కలుపుకొని పైన కప్పు వేసినవి. వైశాఖ మాసపు మధ్యాహ్నము, బండలు వేడిని కక్కు తాండూరులో బస్సెక్కిన ప్రయాణికుడు ఆ చోటికి వచ్చునప్పటికి ఆకుపచ్చని సొరంగములో ప్రవేశించినట్లుండును. కిటికీ ఊచ చల్లబడును. ఏడ్చి ఏడ్చి అలసిన పసిబిడ్డ నిద్రపోవును. ఈ సొరంగమును తొలిచినవాడు లేడు. గొయ్యి త్రవ్వి మొక్క పాతి నీళ్లు పోసినవారి పేర్లు ఏ శాసనములోను లేవు.

అశోకుడు బాటలకు ఇరుప్రక్కల చెట్లు నాటించెనని మన పిల్లలు చిన్ననాటి నుండి ప్రతి పరీక్షలోను వ్రాయుచున్నారు. షేర్షా పాలన గురించిన ప్రశ్న వచ్చిన దానిలోను అదే వాక్యము వ్రాయుదురు. ఇద్దరికిని ఒక్క జవాబు సరిపోవుట విద్యార్థులకు సౌకర్యము. అయితే ఆ జవాబు వ్రాసినవారిలో ఎందరు ఆ చెట్ల క్రింద ఎవరు కూర్చుండిరని అడిగినారు?

ఈ దారిలో బస్సు ఆగు చోట్లను ‘గేటు’లందురు. ఆలూరు గేటు, ఖానాపూర్ గేటు అని పిలుతురు. అక్కడ తలుపూ లేదు, తాళమూ లేదు. ఊరు లోపలెక్కడనో ఉండును. ఊరి బాట సడక్కును తాకుచోట ఒక మర్రి, దాని క్రింద నాలుగు బ్రతుకులు. వానకాలములో నిప్పుల మీద మక్కకంకులు, ఆశ్వయుజ కార్తికములలో గంపలనిండ సీతాఫలములు, ఎండలలో తాటిముంజలు. చేవెళ్ల చుట్టుప్రక్కల తోటల నుండి క్యారెట్లు, టమాటలు, బంతిపూలు. ఒక ఛాయ్ డబ్బా. కొమ్మకు పాత టైరు వ్రేలాడిన, అది పంక్చరు దుకాణమునకు గుర్తు. దానికి బోర్డు అక్కరలేదు. పంక్చరు పనిలోను, వెల్డింగు పనిలోను మన ముస్లిము కుటుంబముల వారు ఎక్కువగా కన్పడుదురు. కూరగాయలు చాలవరకు పొలము చేయు స్త్రీలే అమ్ముకొందురు. వీరికి అద్దె లేదు. చెట్టే పందిరి, చెట్టే గోడ, చెట్టే చిరునామా.

ఈ సడక్కును నాలుగు వరుసలు చేయవలెనని నిర్ణయమైనది. మొయినాబాదునకు, చేవెళ్లకు ఊరి బయటనుండి బైపాసు దారులు కూడ అందులో ఉన్నవి. చెట్లన్నియు పోవునని తెలిసి ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునలునకు వెళ్లినారు. ఏండ్లు గడచినవి. పర్యావరణము మీద పడు ప్రభావమును పరిశీలింపవలెనని ఆదేశములు, నక్షాలలో మార్పులు, మరల వాదములు. చివరకు చెట్లలో ఎక్కువ భాగమును ఉన్నచోటనే ఉంచి, తప్పనివానిని వేళ్లతో పెకలించి వేరుచోట నాటుటకు అంగీకారము కుదిరి, 2025లో అడ్డంకి తొలగినది.

అడ్డంకి తొలగిన కొద్ది దినములకే, 2025 నవంబరు 3వ తేదీ సోమవారము తెల్లవారి, తాండూరు డిపో బస్సును చేవెళ్ల మండలము మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఢీకొన్నది. కంకర బస్సులో పడి ప్రయాణికులను కప్పివేసినది. 19 మంది మరణించినారు. అందులో పట్నములో చదువుకొనుచున్న ఆడపిల్లలున్నారు. ఒకే ఇంటి అక్కచెల్లెండ్రు ముగ్గురున్నారు. తల్లి ఉన్నది, ఆమె ఒడిలోని పసిబిడ్డ ఉన్నది. ఆ ఉదయము తాండూరులో ఏ వాడకు పోయినను ఏడుపే. మసీదులోను, మందిరములోను, చర్చిలోను ప్రార్థనలు జరిగినవి. అంతకు ఏడాది ముందే, 2024 డిసెంబరు 2న, ఆలూరు దగ్గర దారి ప్రక్కన కూరగాయలు పెట్టుకొని కూర్చున్నవారి మీదికి లారీ దూసుకొని వచ్చి ప్రాణములు తీసినది. ఆ వార్తను మనము చదివినాము, మరచినాము. కూరగాయలమ్మువారికి కొవ్వొత్తుల ఊరేగింపు జరుగలేదు.

మరుసటి వారము మేము తరగతికి పోయి, పాఠము తెరువలేకపోయినాము. ఒక విద్యార్థిని లేచి, “సార్, డిగ్రీ అయిన తరువాత పై చదువుకు పట్నము పంపమని మా అబ్బా అంటున్నారు. బస్సు భయమట,” అన్నది. వెనుక బల్ల మీదినుండి మరొక పిల్ల, “మా ఇంట్లో అన్నను పంపుతారట, నన్ను పంపరట. బస్సు ఒక్కటే కదా సార్?” అన్నది. తరగతిలో ఎవరును నవ్వలేదు. ఒక సడక్కు వంపు దగ్గర జరిగిన ప్రమాదము ఎంతో దూరములో ఒక ఆడపిల్ల చదువును నిలుపగలదని ఏ ఇంజనీరు అంచనాలోను ఉండదు. మైనారిటీ కళాశాల నడుపువారు లెక్కలో వేసుకొనవలసిన నష్టమిది.

ఆ దినములలోనే ఇంకొక మాట వినవచ్చినది. చెట్ల కొరకు కోర్టుకెక్కినవారే ఈ చావులకు కారకులని కొందరు నిందించినారు. చెట్టు ముఖ్యమా, మనిషి ముఖ్యమా అని అరచినారు. దుఃఖములో ఉన్నవారు ఆ మాట అన్న తప్పు పట్టరాదు. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రికి మర్రిచెట్టు మీద ప్రేమ ఉండవలెనని మనమెవరము చెప్పుటకు? కాని దుఃఖము లేనివారు కూడ ఆ మాటే పట్టుకొనుట మాకు నచ్చలేదు. సడక్కు వేయవద్దని చెట్లవారు అనలేదు. చెట్లను కాపాడుచు వెడల్పు చేయుటకు దారి చూడుడనిరి. ఆ దారి నక్షాలో చివరకు దొరకినది కూడ. మొదటి నక్షా గీచిన దినముననే దానిని వెదకియుండిన ఇన్నేండ్లు పోయెడివి కావు. మన ధర్మములో చెట్టు నాటుట సదఖా. దాని నీడను, ఫలమును అనుభవించు ప్రతి ప్రాణి వలన నాటినవానికి పుణ్యము. బాటలో నడచువారికి కష్టము కలిగించు దానిని తొలగించుట కూడ ఈమాన్‌లోని భాగమే. రెండు బోధలును ఒక్క ప్రవక్తవే. వాటిని ఒకదాని మీదికి మరొకదానిని ఉసికొల్పుట మన తెలివితక్కువతనము.

ట్రిబ్యునలు ముందు చెట్ల పక్షము నిలిచినది, రహదారి పక్షము నిలిచినది. ప్రయాణికుల పక్షమున పత్రికలు నిలిచినవి. చెట్టు క్రింద కూర్చున్నవాని పక్షమున ఎవరు?

చేవెళ్లకు ఇవతల ఒక మర్రి క్రింద పంక్చరు దుకాణము పెట్టుకొనియున్న వృద్ధుని దగ్గర ఒకనాడు మా స్కూటరు ఆగవలసి వచ్చినది. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వెదకుచు ఆయన మాటలాడినాడు. ఆయనకు సొంతభాష దక్కనీ. మాతో తెలుగే మాటలాడినాడు.

“చాచా, సడక్ పెద్దదైతే మీకు బేరము పెరుగదా?” అని అడిగినాము.

“ఎట్ల పెరుగుతది మాస్టర్ సాబ్? బండ్లు ఊరి బయటికెల్లి పోతయంట. ఉరికే బండి పంక్చరైతే టోల్‌గేట్ కాడ క్రేన్ వస్తదంట. నా కాడికి ఎవరొస్తరు?”

“అయితే సడక్ వద్దందురా?”

ఆయన ట్యూబును ప్రక్కన పెట్టినాడు. “తౌబా! నేనెందుకంట? నా మనుమరాలు గదే బస్సుల పోతది. సడక్ కావాలె. చెట్టును బతికిస్తమన్నరు, మంచిదే. చెట్టు రెండు తోవల నడిమిట్ల వస్తదంటున్నరు. చెట్టు ఆడ ఉంటది. మరి నేను ఏడ ఉండాలె?”

మేము జవాబు చెప్పలేదు. ఇరువది రూపాయలు తక్కువ తీసుకొన్నాడు; పిల్లలకు చదువు చెప్పువారి దగ్గర పూర్తి పైకము తీసుకొనడట.

ఆయన అడిగిన ప్రశ్న మా జిల్లాకు మాత్రమే పరిమితము కాదు. జమ్మూ నుండి శ్రీనగరు పోవు దారిలో చెనాని, నష్రీల నడుమ కొండ క్రింద సుమారు తొమ్మిది కిలోమీటర్ల సొరంగము త్రవ్వి 2017 ఏప్రిల్ 2న తెరచినారు. అంతకు ముందు బండ్లు పట్నీటాప్ గుట్టలెక్కి దిగి 41 కిలోమీటర్లు తిరిగెడివి. ఇపుడు 11 కిలోమీటర్లు కూడ లేవు. మంచు పడి దారి మూసుకొనిపోవు బాధ ఆ మేరకు తప్పినది. ఆ మేలును ఎవరును కాదనలేరు. పైన గుట్ట మీది పాత దారిలో కుద్ అను చిన్న ఊరు ఉన్నది. మన సోన్‌పాపిడి వంటి ‘పట్టీసా’ మిఠాయికి అది పేరు పొందినది. పోయి వచ్చు ప్రతి బస్సు అక్కడ ఆగెడిది. వేడివేడి పొట్లము కట్టించుకొనక కదలెడిది కాదు. సొరంగము తెరచిన తరువాత బస్సులు కొండ క్రిందనే దాటిపోయినవి. కుద్ దుకాణములలో, బటోత్ హోటళ్లలో బేరము పడిపోయినది. పట్నీటాప్‌కు విహారమునకు పోవువారు నేటికిని పోవుదురు కాని, దారిన పోవువాడు ఇక రాడు. చిల్లర వ్యాపారమునకు ఆ దారిన పోవువాడే ఆధారము. సొరంగము ఎవరి ఇంటిని కూల్చలేదు, ఎవరి దుకాణమును పెకలించలేదు. కాబట్టి ఎవరికిని నష్టపరిహారము కూడ లేదు. దుకాణము ఉన్నచోటనే ఉన్నది, బాట దాని ముందునుండి తొలగిపోయినది.

మొయినాబాదు, చేవెళ్ల బజార్లకు బైపాసు వచ్చిన జరుగబోవునది ఇదియే. హోటలు నడుపువానికి రెండవ ఆలోచన ఉండును. ధనికుడైన బైపాసు మీద స్థలము కొనును. నిజమునకు కొనువారు నక్షా వెలువడకముందే కొనియుందురు, ఆ విద్య మా ప్రాంతమునకు బాగుగా అబ్బినది. ఊరి లోపలి బజారుకు లారీల పొగ, రొద తగ్గి బడిపిల్లలు నిర్భయముగా రోడ్డు దాటుట మేలే. ఛాయ్ డబ్బావానికి మాత్రము కప్పులు కడుగు పని తగ్గును.

చట్టము ఏమి చెప్పుచున్నదో మా రాజనీతిశాస్త్ర మిత్రుని సాయముతో చూచినాము. 2013 నాటి భూసేకరణ చట్టము ఉదారముగానే మాటలాడుచున్నది. సెంటు భూమి లేకపోయినను, సేకరణకు ముందు మూడేండ్లుగా అచ్చట పని చేసికొని బ్రతుకుచు, ఆ సేకరణ వలన ముఖ్యమైన జీవనాధారము దెబ్బతిన్న కుటుంబము కూడ ‘ప్రభావిత కుటుంబము’ క్రిందికి వచ్చును. చదివి సంతోషించినాము. తరువాత తట్టినది: మర్రిచెట్టు ఉన్నది ప్రభుత్వపు రోడ్డు అంచున. ప్రభుత్వము తన భూమిని తానే సేకరించుకొనదు. సేకరణ లేదు గనుక చాచా ప్రభావితుడు కాడు. వీధి వ్యాపారుల కొరకు 2014లో వచ్చిన చట్టము పట్టణముల కొరకు చేసినది, గేట్లు పల్లెలవి. ఒక చట్టము తలుపు దగ్గర భూమి లేదని ఆపినారు, రెండవదాని తలుపు దగ్గర పట్టణము కాదని ఆపినారు. మూడేండ్లు కాదు, ముప్పదేండ్లు కూర్చున్నానని చెప్పుకొనుటకు ఆయన దగ్గర ఒక్క కాగితము లేదు. చెట్టుకు నంబరు వేసినారు, లెక్క కట్టినారు, ఏది ఉండునో ఏది పోవునో పట్టిక వ్రాసినారు. ఆ పట్టికలో చెట్టు క్రింది మనిషికి గడి లేదు.

ఆ గడిని మనము వ్రాయవచ్చును. ఇందుకు చట్టము మారవలెనని కాచుకొని ఉండనక్కరలేదు. మన కళాశాలలో జాతీయ సేవా పథకము విభాగమున్నది. ఏటేట శిబిరములో ఒక పల్లె వీధులు ఊడ్చి, ఫొటో దిగి వచ్చుచున్నాము. వీధులు ఊడ్చుట మంచిదే. మరుసటి దినము మరల చెత్త పడుట వేరు సంగతి. ఈ ఏటి శిబిరమును సడక్కు మీద పెట్టవలెనని కళాశాల కమిటీ పెద్దలను ఈ పత్రిక ద్వారా కోరుచున్నాము. మన్నెగూడ నుండి మొయినాబాదు వరకు గేటు గేటునకు పోయి, అక్కడ బ్రతుకు ప్రతి మనిషి పేరు, ఎన్నేండ్లుగా ఉన్నాడు, ఏమి అమ్మును, దినమునకు ఏపాటి గిట్టును, ఆ చెట్టు ఉండునా పోవునా, చేవెళ్ల బజారులో పాత దారి మీద ఆధారపడిన చిన్న దుకాణములెన్ని, ఇవి వ్రాయవలెను. రెండు ప్రతులు కావలెను. ఒకటి జిల్లా కలెక్టరు కార్యాలయమునకు, ఒకటి రహదారుల సంస్థకు. కొత్త దారి ప్రక్కన బస్సు ఆగు ప్రతి చోట నాలుగు రేకుల కొట్లకు స్థలము విడువుమని, వాటిని మొదట ఈ పేర్లవారికే ఇమ్మని అడుగుటకు అప్పుడు మన చేతిలో ఒక కాగితముండును. ఆ కొట్లు బండ్లు ఆగుటకు వేరుగా విడిచిన చోట, ఉరుకు వాహనములకు దూరముగా ఉండవలెను. ఆలూరులో జరిగినది మరల జరుగరాదు.

ఆడపిల్లలు కూడ రావలెను. కూరగాయలమ్ము స్త్రీలు మగపిల్లలకు లెక్కలు చెప్పరు. వారి తండ్రులతో మేమే మాటలాడెదము. తెల్లవారుజామున కాక, ఎండ వచ్చిన తరువాత బయలుదేరి చీకటి పడకముందే ఇల్లు చేర్చెదమని మాట ఇచ్చెదము.

ప్రతి జట్టులో ఉర్దూ వ్రాయువారిద్దరు, తెలుగు వ్రాయువారిద్దరు ఉండవలెను. పేరు ఏ భాషలో చెప్పిన ఆ భాషలో మొదట వ్రాసి, తరువాత రెండవ భాషలోనికి ఎక్కించుకొనవచ్చును. గీతలు గీచిన పెద్ద పుస్తకములు నాలుగు మేము కొని ఉంచినాము. మొదటి ఆదివారము ఆలూరు గేటు, రెండవది ఖానాపూర్ గేటు. గొడుగులు తెచ్చుకొనవలెను, చెట్లు లేని గేట్లు కూడ కొన్ని ఉన్నవి.